తాళం వేయకపోయినా నేరమే: అమెరికా వెట్టి చట్టం 1988 తర్వాత ఎందుకు మారింది

అమెరికాలో వెట్టిచాకిరీ కేసు బయటపడిందంటే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో అదే మాట: "తలుపుకి తాళం లేదు, చేతిలో ఫోనుంది, వెళ్ళిపోవచ్చుగా?" 2024లో టెక్సాస్‌లోని ప్రిన్స్‌టన్‌లో ఒకే ఇంట్లో 15 మంది ఆడవాళ్ళు నేల మీద పడుకుంటున్నారని పోలీసులు చెప్పినప్పుడూ ఇదే నడిచింది. అది రాష్ట్ర చట్టం కింద పెట్టిన కేసు, కానీ ఈ ప్రశ్నతో అమెరికా అంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం ఎప్పుడో తలపడింది.

అమెరికా రాజ్యాంగ 13వ సవరణతో బానిసత్వం రద్దయిన కథ వదిలేద్దాం. అసలు మలుపు మిషిగన్‌లోని ఒక పాల డెయిరీ దగ్గర ఉంది. బుద్ధి మాంద్యం ఉన్న ఇద్దరు మగవాళ్ళు అక్కడ వారానికి ఏడు రోజులూ, తరచూ రోజుకి 17 గంటలు గొడ్డుచాకిరీ చేశారు. మొదట్లో వారానికి 15 డాలర్లు ఇచ్చారు, తర్వాత అదీ లేదు. సరైన తిండి లేదు, వైద్యం లేదు, బయటివాళ్ళతో మాట్లాడొద్దన్నారు, ఒకరినైతే మానసిక రోగుల ఆసుపత్రికి పంపిస్తామని బెదిరించారు. జ్యూరీ యజమానులను దోషులంది. 1988లో సుప్రీంకోర్టు మాత్రం కొట్టడం, కొడతామనడం, చట్టాన్ని చూపించి బెదిరించడం ఉంటేనే వెట్టి అవుతుందని, మళ్ళీ విచారణ జరగాలని చెప్పింది.

మానసిక ఒత్తిడినీ కలిపేస్తే, ప్రేమ చూపించనని బెదిరించి కొడుకుతో సొంత వ్యాపారంలో పని చేయించుకునే తండ్రి కూడా నేరస్థుడవుతాడని ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓకానర్ భయం. అర్థం లేని భయమేం కాదు. కానీ ఆ గీత బయట మిగిలిపోయింది సరిగ్గా ఎదురుతిరగలేని మనుషులే.

అందుకే 2000లో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ కొత్త చట్టం చేసింది, అందులో ఆ తీర్పును పేరుపెట్టి మరీ ప్రస్తావించింది. 1589వ సెక్షన్ వచ్చింది, 20 ఏళ్ళ దాకా జైలు. "పని మానేస్తే నాకో, నావాళ్ళకో తీవ్రమైన హాని తప్పదు" అని నమ్మేలా పన్నాగం పన్నినా నేరమే. 2008లో ఆ హాని అంటే ఏంటో కూడా రాశారు: మానసికం, ఆర్థికం, పరువునష్టం కూడా. పైగా అదే నేపథ్యం, అదే పరిస్థితి ఉన్న మామూలు మనిషి ఏం చేస్తాడో చూడాలన్నారు. అప్పు తెచ్చి వచ్చిన పిల్లాడి భయాన్ని ఆ పిల్లాడి స్థితిలో నిలబడి కొలవాలన్నమాట.

సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే ఓడల మరమ్మతు కంపెనీ కేసు చూడండి. కత్రినా తుఫాను తర్వాత గ్రీన్ కార్డు ఆశ చూపించి మన దేశం నుంచి దాదాపు 500 మంది వెల్డర్లను, పైప్ ఫిట్టర్లను తీసుకెళ్ళారు. ఒక్కొక్కరు ఏజెంట్లకి కట్టింది 10,000 డాలర్లు, ఇంకా ఎక్కువ కూడా, చాలామంది అప్పులు చేసి. మిసిసిపిలో ఒక్కో గదిలో 24 మంది దాకా కుక్కి, నెలకి 1,050 డాలర్లు జీతంలోంచి కోసుకున్నారు. బాధితులే పరిహారం కోసం సివిల్ దావా వేసుకునే హక్కును 2003లో ఈ చట్టానికి చేర్చారు; దానితో కోర్టుకెళితే, 2015లో న్యూ ఆర్లీన్స్ జ్యూరీ అయిదుగురికి కలిపి 1.4 కోట్ల డాలర్లు ఇమ్మంది.

జీతం ఆలస్యమవడం, బాస్ చెడ్డవాడవడం ఒక్కటే ఇప్పటికీ ఈ నేరం కాదు. యజమాని తెలిసి, ఆ భయాన్ని వాడుకునే పని చేయించుకున్నాడని ప్రాసిక్యూటర్ నిరూపించాలి. తాళం ఉందా లేదా అన్నది అందులో ఒక సాక్ష్యం మాత్రమే. అప్పు ఎవరి చేతిలో ఉంది, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది, వెళ్ళిపోతే ఏమవుతుందని ఏం చెప్పి భయపెట్టారు అన్నవి కూడా జ్యూరీ చూస్తుంది.