నాయనమ్మకు ఆ మందు ఎందుకు తెప్పించలేదంటే

చిరంజీవులైన మనుమలకు తాతయ్య ఆశీస్సులు.

ముసలితనాన్ని వెనక్కి నెట్టే మందు ఒకటి ఉందట కదా, అది తెప్పిస్తే నాయనమ్మకు మా పేర్లు మళ్ళీ గుర్తుకొస్తాయా అని అడిగారు. ఫోనులో రెండు ముక్కల్లో తేల్చడానికి మనసొప్పక ఇలా రాస్తున్నాను.

మీరు చెప్పిన రాపమైసిన్ మట్టిలో దొరికిన మందు. 1964లో కెనడా నుంచి వెళ్ళిన ఒక బృందం పసిఫిక్ సముద్రంలోని రాపా నుయి (ఈస్టర్ దీవి) నుంచి మట్టి తెచ్చింది. అందులోని ఒక సూక్ష్మజీవి నుంచి మాంట్రియల్‌లో సురేంద్రనాథ్ సెహగల్, ఆయన సహచరులు ఈ పదార్థాన్ని వేరుచేసి 1975లో ప్రకటించారు. చివరికది 1999లో అమెరికాలో కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి మందుగా అనుమతి పొందింది; పెట్టిన కిడ్నీని శరీరం తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని అణచి ఉంచడమే దాని పని.

దానికీ ముసలితనానికీ సంబంధం ఏమిటంటే, మన కణాల్లో ‘టార్’ అనే ప్రోటీను ఒకటి ఉంది. తిండీ ఇన్సులినూ పుష్కలంగా ఉన్నంతసేపు అది కణాన్ని ఎదుగుదల పనిలోనే ఉంచుతుంది. పెళ్ళివారింట్లో పొయ్యి ఆరనన్నాళ్ళూ అటక దులిపే తీరిక ఎవరికీ ఉండదు కదా, అలాగన్నమాట. తిండి తగ్గినప్పుడు టార్ నెమ్మదిస్తుంది, అప్పుడు కణం తనలోని పాడైన భాగాలను తానే అరిగించుకుని, వచ్చిన సరుకును మళ్ళీ వాడుకుంటుంది. దీన్ని ఆటోఫజీ అంటారు. జపాన్‌లో యోషినోరి ఒసుమి ఈస్టు కణాలను పస్తుంచి, ఈ పనిని సూక్ష్మదర్శినిలో చూశారు. ఆ పరిశోధనకే 2016లో నోబెల్ బహుమతి వచ్చింది. రాపమైసిన్ టార్‌ను అడ్డుకుంటుంది కాబట్టి, కడుపు నిండి ఉన్నా కణానికి పస్తున్నట్టే తోస్తుంది.

ఇక మెదడు సంగతి. చర్మంలోని కణాలు విభజన చెందుతూ, పేరుకున్న చెత్తను పిల్ల కణాలకు పంచి పలచన చేసుకోగలవు. నాడీకణాలకు ఆ వెసులుబాటు లేదు. వాటిలో చాలావరకు మనతో పుట్టి మనతోనే ముసలివవుతాయి. 2006లో జపాన్‌లోని రెండు బృందాలు ఎలుకల నాడీకణాల్లో మాత్రం ఆటోఫజీని ఆపేసి చూస్తే, ఏ రోగపు జన్యువూ చేర్చకపోయినా, ఆ కణాల్లో ప్రోటీను ముద్దలు పేరుకున్నాయి, ఎలుకల నడక తడబడింది. అల్జీమర్స్ రోగుల మెదడులోనూ అమైలాయిడ్, టౌ అనే ప్రోటీనులు పేరుకుని కనిపిస్తాయి. అయితే ఆ పోగులు జబ్బుకు ఎంతవరకు కారణం, ఎంతవరకు పర్యవసానం అన్న వాదన ఇంకా తెగలేదు.

మీరు చదివిన వార్తకు మూలం బహుశా 2009 నాటి ప్రయోగం. 600 రోజుల వయసున్న, అంటే మన లెక్కలో అరవై దరిదాపుల్లో ఉన్న ఎలుకలకు రాపమైసిన్ పెడితే, నూటికి తొంభై చనిపోయే వయసు ఆడవాటిలో 14 శాతం, మగవాటిలో 9 శాతం పెరిగింది. అంత ఆలస్యంగా మొదలుపెట్టినా ఫలితం కనిపించడం నన్నూ ఆశ్చర్యపరిచింది. కానీ అది ఆయుష్షు లెక్క. పోయిన జ్ఞాపకం తిరిగొచ్చిందని అందులో ఎక్కడా లేదు. పైగా ప్రయోగశాల ఎలుకలను వీలైనంతవరకు రోగాలు సోకకుండా పెంచుతారు, మనమేమో దగ్గులూ జ్వరాల మధ్య బతుకుతాం. రోగనిరోధక శక్తిని తగ్గించే ఆ మందు కొందరిలో రక్తంలోని చక్కెరనూ కొవ్వునూ పెంచుతుంది. నాయనమ్మకు షుగరు ఉన్న సంగతి మీకు తెలుసు.

డాక్టరుగారినీ అడిగాను. ఆయనా వద్దన్నారు. షుగరు మాత్రలు వేళకు వేయమని, సాయంత్రం నడక మాన్పించవద్దని చెప్పారు. సెలవులకు వచ్చినప్పుడు ఆ నడకకు మీరు తోడు వెళ్ళండి. పేరు అడిగితే విసుక్కోకుండా మళ్ళీ చెప్పండి.

మీ తాతయ్య