బయోమెడికల్ పీహెచ్‌డీ: ఇంటివాళ్లూ, విద్యార్థులూ, మా గైడ్లూ నమ్మే అపోహలు

‘మేడం గారూ, మావాడిది ఇంకెన్నాళ్లండీ?’ ఏటా ఎవరో ఒకరి తండ్రి నుంచి నాకు ఈ ఫోన్ వస్తుంది. హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో ల్యాబ్ నడుపుతున్నాను. ఇప్పటికి 11 మంది నా దగ్గర పీహెచ్‌డీ పూర్తి చేశారు. ఈ దారి గురించి ఇంట్లోనూ ల్యాబ్‌లోనూ వినిపించే కొన్ని మాటలను ఇక్కడ సరిచేయాలని ఉంది.

అపోహ: ఇదీ చదువే, సంపాదన ఉండదు.

వాస్తవం: మొదట్లో ఉండే తరగతులు (కోర్సువర్క్) అయ్యాక మిగిలినదంతా పనే. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన భృతి వచ్చినవాళ్లకు 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం గడువు కనీసం 3, గరిష్ఠంగా 6 ఏళ్లు. మహిళలకు మరో రెండేళ్ల వెసులుబాటు, 240 రోజుల ప్రసూతి సెలవు ఉన్నాయి. డబ్బు నెలనెలా ఠంచనుగా పడుతుందా అంటే, ఆ హామీ నేనివ్వలేను. మా ల్యాబ్‌లో ఒకబ్బాయికి నాలుగు నెలలది ఒకేసారి వచ్చింది. అప్పటిదాకా వాడి మెస్ బిల్లు స్నేహితులే కట్టారు.

అపోహ: ప్రయోగం ఫెయిలైతే ఆ కాలమంతా వృథా.

నేను ఎక్కువగా గొడవపడేది దీనితోనే. ఒకమ్మాయి ఎనిమిది నెలలు కష్టపడి, ఒక మందు క్యాన్సర్ కణాల పెరుగుదలను తగ్గిస్తోందని చూపించింది. గ్రాఫులు ముచ్చటగా ఉన్నాయి. కొత్తగా చేరిన జూనియర్ కొత్త కణాలు తెచ్చి అదే ప్రయోగం చేస్తే ఏమీ రాలేదు. అందరం జూనియర్‌నే అనుమానించాం, నాతో సహా. చివరికి పరీక్ష చేయిస్తే పాత కణాల్లో మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా ఉన్నట్టు తేలింది. కణాలను పెంచే ద్రవంలో ఇది చేరినా ఆ ద్రవం మసకబారదు, మామూలు మైక్రోస్కోప్‌కు కనపడదు. దానికి కణకవచం లేదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు. కణాల తీరును మాత్రం లోలోపల మార్చేస్తుంది.

ఆ పిల్ల రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు ఇంక్యుబేటర్ ఖాళీ చేసింది. ఆనాటి నుంచి ప్రతి ఫ్లాస్కు మీదా పరీక్ష చేసిన తేదీ రాయడం మొదలుపెట్టింది. జూనియర్లు ఆమెకు ‘మైకోప్లాస్మా అక్క’ అని పేరు పెట్టారు. ఇప్పుడు ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగం చూస్తోంది.

ఈ తిప్పలు మా ఒక్కళ్లవే కావు. వేర్వేరు కణజాలాలవని నమ్మి వాడుతున్న ఎన్నో కణాలు నిజానికి 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే క్యాన్సర్ రోగి నుంచి తీసిన హీలా కణాలేనని స్టాన్లీ గార్ట్‌లర్ అనే శాస్త్రవేత్త 1966లో బయటపెట్టారు. అప్పుడు చాలామంది పెద్దలకు అది మింగుడుపడలేదు. తన ఫలితాన్ని తానే ముందు అనుమానించడం పుస్తకం చదివితే రాదు. ఇలాంటి ఎనిమిది నెలలు పోతేనే వస్తుంది.

అపోహ: పేపర్ అచ్చు కాకపోతే థీసిస్ ఇవ్వనివ్వరు.

వాస్తవం: దేశమంతటికీ ఉన్న ఆ షరతును యూజీసీ 2022లో తీసేసింది. కొన్ని సంస్థలు తమ సొంత నియమంగా ఉంచుకున్నాయి, చేరేముందే కనుక్కోండి. డబ్బు కడితే వారంలో అచ్చేసే పత్రికల జోలికి మాత్రం పోకండి.

అపోహ: ప్రొఫెసర్ కాకపోతే పీహెచ్‌డీ దండగ.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారినే చూడండి. హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, కణాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద అంత పని చేసినా అక్కడ ఆయనకు శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ ఆయన బృందం పనే. బోదకాలు నివారణకు మన ఊళ్లలో ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర కూడా అక్కడిదే. కంపెనీకి వెళ్లాడని ఆయన్ని చిన్నచూపు చూసేవాళ్లెవరైనా ఉన్నారా? మరి మన పిల్లలు హైదరాబాద్ దగ్గర మందుల కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలో ఉద్యోగం వచ్చిందంటే మొహం చిన్నబుచ్చుకుంటామెందుకు?

ఇందులో నా తప్పూ ఉంది. సైన్స్ డిగ్రీ ఉన్న ఎవరైనా పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయొచ్చు. నా విద్యార్థి ఒకడు రాస్తానంటే ‘ముందు ప్రయోగాలు చూడు’ అని కసిరాను. నాకు తెలియకుండా రాసి పాసయ్యాడు. ఇప్పుడు మూడో ఏడు రాగానే విద్యార్థులను నేనే అడుగుతున్నాను: క్లినికల్ ట్రయల్సా, మెడికల్ రైటింగా, పేటెంట్లా, బోధనా, ఏది చూడాలని ఉంది? నెలకు ఒక రోజు దానికి వదిలేస్తాను. దీనివల్ల పని కుంటుపడుతుందని తోటి గైడ్లు హెచ్చరించారు. ఇప్పటిదాకా అలా జరగలేదు.

అపోహ: పెద్ద పేరున్న గైడ్ దొరికితే చాలు.

పేరు కన్నా ఆ ల్యాబ్ సీనియర్లతో క్యాంటీన్‌లో అరగంట మాట్లాడటం మేలు. గైడ్‌ను కూడా నేరుగా అడగండి: ‘ఇంతకుముందు మీ దగ్గర చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు?’ పోయినేడాది ఇంటర్వ్యూలో ఒకమ్మాయి నన్నే అడిగింది. తొమ్మిది మంది గురించి గడగడా చెప్పాను, మిగతా ఇద్దరి దగ్గర ఆగిపోయాను. ఆ రాత్రే ఇద్దరికీ వాట్సాప్ పెట్టాను. ఒకరు జవాబిచ్చారు.