నులిపురుగుల మాత్ర వెనక ఉన్న చరిత్ర

ఏటా ఫిబ్రవరి 10న, చాలా రాష్ట్రాల్లో ఆగస్టు 10న కూడా, బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలచేత నులిపురుగులను చంపే ఆల్బెండజోల్ మాత్ర నమిలిస్తారు. పరీక్ష చేయకుండా అందరికీ ఎందుకు, మళ్లీ మళ్లీ ఎందుకు అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు పేగుల్లో చేరే పురుగుల్లో ఒకటైన కొంకిపురుగు (హుక్‌వర్మ్) చరిత్రలో ఉంది.

1870లలో ఆల్ప్స్ కొండల కింద గొథార్డ్ రైలు సొరంగం తవ్విన కూలీలు పాలిపోయి, ఆయాసంతో కూలబడ్డారు. 1880లో ఇటలీకి చెందిన పరాన్నజీవుల శాస్త్రవేత్త ఎడొఆర్డో పెరొంచీటో కారణం కొంకిపురుగేనని తేల్చాడు. సొరంగం లోపల వేడి, తేమ ఎక్కువ; మరుగుదొడ్లు లేవు, మలవిసర్జన అక్కడే. పురుగు పెరగడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు.

అది ఒంట్లోకి ఎలా చేరుతుందో మాత్రం 1898 దాకా తెలియలేదు. కైరోలో జర్మన్ శాస్త్రవేత్త ఆర్థర్ లూస్ చేతిమీద లార్వాలున్న నీటిచుక్క పడింది. అక్కడ దురద పుట్టింది, కొన్ని వారాలకు ఆయన మలంలో గుడ్లు కనిపించాయి. పురుగు చర్మం గుండా దూరుతుందన్నమాట. మలంతో నేలకు చేరిన గుడ్లు పొదిగి, తడి నీడ మట్టిలో 5 నుంచి 10 రోజుల్లో కాలిలోకి దూరగల లార్వాలవుతాయి. అవి రక్తంలో ఊపిరితిత్తులకు, అక్కణ్నుంచి గొంతుకు, మింగితే పేగుకు చేరతాయి. కొంకిపురుగుల్లో అంకిలోస్టోమా అనే రకం అయితే ఒక్కో పురుగు రోజుకు సుమారు 0.2 మి.లీ. రక్తం పోగొడుతుంది. పిల్ల నీరసపడి చదువులో వెనకబడేది అందుకే.

1909లో అమెరికాలో కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ డబ్బుతో కొంకిపురుగు మీద పెద్ద ఉద్యమం మొదలైంది. 1920లలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ పని మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఉద్యమం తొలినాళ్లలో మందు థైమాల్. ముందురోజు తేలిక తిండి, రాత్రి విరేచనానికి ఎప్సమ్ లవణం, పొద్దున థైమాల్, మళ్లీ విరేచనం. నూనె గానీ సారా గానీ తగిలితే మందు రక్తంలోకి ఎక్కి విషమయ్యేది. ఇంత చేసినా, మరుగుదొడ్లు లేని ఊళ్లలో చికిత్స పొందినవాళ్లకే పురుగు మళ్లీ పట్టింది.

మొదట పశువుల కోసం తయారైన ఆల్బెండజోల్ 1980లలో మనుషులకూ వచ్చాక చికిత్స తేలికైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009లో బడి పిల్లలకు వేశారు. 2015లో అది జాతీయ నులిపురుగుల నివారణ దినంగా మారింది. మల పరీక్ష ఖర్చు మాత్రకన్నా ఎక్కువ, మందు భద్రమైనది, తక్కువ పురుగులున్న పిల్లల్లో లక్షణాలే ఉండవు. పరీక్ష లేకుండా వేయడం సరైన నిర్ణయమే. కానీ మాత్ర పేగులోని పురుగునే చంపుతుంది. ఇంకా ఊపిరితిత్తుల దారిలో ఉన్న లార్వా చాలావరకు తప్పించుకుంటుంది, మట్టిలోనిది ఎలాగూ మిగులుతుంది. మళ్లీ మళ్లీ వేయడం అందుకే. ఏలికపాముల మీద ఒక్క మోతాదు బాగా పనిచేస్తుంది. కొరడాపురుగు (విప్‌వర్మ్) మీద చాలా తక్కువ.

1–2 ఏళ్లవారికి 200 మి.గ్రా., అంటే సగం మాత్ర. 2–19 ఏళ్లవారికి 400 మి.గ్రా. చిన్నపిల్లలకు రెండు చెంచాల మధ్య నలిపి నీళ్లలో కలిపి పట్టాలి; ఏడుస్తున్న పిల్ల నోట్లో మాత్ర బలవంతంగా కుక్కితే గొంతుకు అడ్డుపడి ప్రాణం మీదికి వస్తుంది. జ్వరంగా ఉంటే ఆరోజు ఆపి, తర్వాత మిగిలినవారికి వేసే రోజున ఇవ్వాలి. కడుపులో పురుగులు ఎక్కువుంటే కాసేపు వికారం, కడుపునొప్పి రావచ్చు. తగ్గకపోతే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి. మాత్ర వేశాక కూడా పిల్ల పాలిపోయే ఉంటే హిమోగ్లోబిన్ చూపించాలి. పోయిన ఐరన్‌ను ఆల్బెండజోల్ తిరిగి ఇవ్వదు.