న్యూయార్క్‌లో 3వ ఛానల్ ఎందుకు లేదు?

పాత యాంటెన్నా టీవీల కాలంలో న్యూయార్క్‌లో వచ్చిన వీహెచ్ఎఫ్ (2 నుంచి 13 దాకా ఉండే బ్యాండ్) ఛానళ్ళ నంబర్లు ఇవి: 2, 4, 5, 7, 9, 11, 13. దేశానికి ఆ చివరున్న లాస్ ఏంజెలెస్‌లోనూ అచ్చం ఇవే. మరి 3, 6, 10? అవి న్యూయార్క్‌కి 130 కిలోమీటర్ల దూరంలోని ఫిలడెల్ఫియాకి వెళ్ళాయి.

ఒకే ఊళ్ళో పక్కపక్క ఛానళ్ళు పెడితే ఆనాటి సెట్లు వాటిని సరిగ్గా విడదీయలేకపోయేవి. 4, 5 పక్కపక్కనే ఉన్నాయిగా అంటారా, అవి నంబర్లలోనే పక్కపక్కన: 4వ ఛానల్ 72 మెగాహెర్ట్జ్ దగ్గర ముగిస్తే 5వది 76 దగ్గర మొదలవుతుంది, మధ్య జాగా వేరే అవసరాలది.

అసలు చిక్కు ఒకే ఛానల్‌ని రెండు ఊళ్ళకి ఇవ్వడంలో ఉంది. మొదట్లో ఒకే ఛానల్ స్టేషన్లని మరీ దగ్గర దగ్గరగా పెట్టేసి బొమ్మలు ఒకదానిమీద ఒకటి పడుతుంటే, 1948 సెప్టెంబర్‌లో ఎఫ్‌సీసీ (టీవీ, రేడియో లైసెన్సులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) కొత్త లైసెన్సులు ఆపేసింది. ఏవో కొన్ని నెలలు అనుకున్నది 1952 ఏప్రిల్ దాకా సాగింది. చివరికి 1,291 ఊళ్ళకి 2,053 ఛానళ్ళు పంచుతూ ఒక పెద్ద పట్టిక వచ్చింది. ఒకే వీహెచ్ఎఫ్ ఛానల్ వాడే స్టేషన్ల మధ్య ఉండాల్సిన కనీస దూరం జనం కిక్కిరిసిన ఈశాన్యంలో 170 మైళ్ళు, మిగతా చాలా చోట్ల 190, మెక్సికో గల్ఫ్ తీరంలో మాత్రం 220. ఆ 170 ఫిజిక్స్ లెక్క కన్నా బేరం అనే నాకనిపిస్తుంది, అక్కడ ఎక్కువ స్టేషన్లు ఇరికించాలి మరి.

గల్ఫ్ తీరానికి అదనపు మైళ్ళెందుకో చెన్నైలో యాభై దాటిన మన తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. 80లలో మేడ మీద యాంటెన్నాని దక్షిణానికి తిప్పి, బూస్టర్ తగిలించి, "బాబాయ్, వచ్చింది, ఇక కదపకు!" అని కింద నుంచి అరుస్తూ శ్రీలంక రూపవాహిని పట్టిన కథ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. దాని ప్రధాన ట్రాన్స్‌మిటర్ 2,524 మీటర్ల పిదురుతలగల కొండ మీద ఉంది, నిజమే, కానీ ఇక్కడికి 650 కిలోమీటర్ల పైమాటే, భూమి వంపుకి మామూలుగా సిగ్నల్ అంతదూరం రాకూడదు. సముద్రాన్ని ఆనుకుని చల్లటి తేమగాలి, దానిపైన వేడి పొడిగాలి పొరలా నిలిచిన రోజుల్లో మాత్రం తరంగాలు పైకి పోకుండా కిందికి వంగుతూ, గొట్టంలో నీళ్ళలా వందల కిలోమీటర్లు పారతాయి. మనకది ఉచిత వినోదం, అదే ఛానల్‌లో స్థానిక స్టేషన్ చూస్తున్నవాడికి తెరనిండా చారలు.

ఎంత దూరం పెట్టినా కొంత కలవడం తప్పదు కాబట్టి ఇంకో ఉపాయం చేశారు: ఒకే ఛానల్ స్టేషన్ల ఫ్రీక్వెన్సీలని 10 కిలోహెర్ట్జ్ అటూ ఇటూ జరిపితే ఆ చారలు సన్నబడి కంటికి పెద్దగా ఆనవు. పట్టికలో కొన్ని ఛానల్ నంబర్ల పక్కన కనిపించే ప్లస్, మైనస్ గుర్తులు ఆ జరపడానివే.