ప్రతి పంటకూ ఎకరాకు ఒక బస్తా డీఏపీ: మెట్టలో ఖరీదైన అపోహ

తొలకరి పడగానే ఎరువుల దుకాణాల దగ్గర వినిపించే మాట ఒక్కటే: "ఎకరాకు ఒక బస్తా డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్ ఎరువు)". వేరుశనగకూ అంతే, కందికీ అంతే, మరుసటి ఏడు కొర్ర వేసినా అంతే. అనంతపురం, కర్నూలు మెట్ట భూముల్లో రైతు డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

లెక్క చూడండి. 50 కిలోల డీఏపీలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. ఎకరాకు ఐదు క్వింటాళ్ల కాయ పండిన వేరుశనగ కట్టెతో (కాయలు కోశాక మిగిలే చెట్టుతో) సహా తీసుకుపోయే భాస్వరం పది కిలోలు మించదు. మిగిలింది ఆవిరైపోదు. ఎర్ర నేలలో ఇనుము, అల్యూమినియంతో, సున్నపు నల్లరేగడిలో కాల్షియంతో బిగుసుకుని ఆ చేనులోనే ఉంటుంది, తర్వాతి పంటలకు కొంచెం కొంచెంగా అందుతుంది. కొంత ఇలా బిగుసుకుంటుంది కాబట్టే సిఫారసు పంట తీసుకునేదానికంటే ఎక్కువగా, 16 కిలోలుగా ఉంది. ఏటా 23 కిలోలు వేయడానికి మాత్రం ఏ కారణమూ లేదు. పైగా భాస్వరం మితిమీరితే మొక్కకు జింకు అందదు.

అసలు నష్టం డీఏపీలో లేనివాటి వల్ల. అందులో కాల్షియం లేదు, గంధకం లేదు. వేరుశనగ కాయ తనకు కావలసిన కాల్షియాన్ని వేళ్ల నుంచి కాక, చుట్టూ ఉన్న పైమట్టి నుంచి నేరుగా పీల్చుకుంటుంది. అది దొరక్కపోతే చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే తాలు కాయలు. అప్పుడు విత్తనాన్ని తిట్టి లాభం లేదు.

వర్షాధార వేరుశనగకు ఎకరాకు 100 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 33 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్, 18 కిలోల యూరియా విత్తేటప్పుడు వేయాలి. పూత మొదలై ఊడలు (నేలలోకి దిగి కాయలయ్యే కాడలు) దిగే వేళ, కాల్షియం, గంధకం ఇచ్చే జిప్సం 200 కిలోలు మొక్కల మొదళ్ల దగ్గర పదునులో (నేలలో తడి ఉన్నప్పుడు) వేసి మట్టి ఎగదోయాలి. ఇది విత్తిన 45 రోజుల లోపే ముగించాలి, ఆ తర్వాత అంతరకృషి (సాళ్ల మధ్య దున్నడం) చేస్తే ఊడలు తెగుతాయి. "సూపర్‌లో బలం లేదు, బూడిద" అని ప్రచారం చేసేవాళ్లు బస్తా మీద అచ్చువేసింది చదివితే చాలు: 16 శాతం భాస్వరం, 11 శాతం గంధకం, దానితోపాటు కాల్షియం.

అలాగని డీఏపీ చెడ్డదేం కాదు. కందికి, శనగకు ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం కావాలి. 44 కిలోల డీఏపీతో రెండూ తీరిపోతాయి. పంట మార్పిడిలో దాని చోటు అది. కొర్రకు కావలసింది 16 కిలోల నత్రజని, 8 కిలోల భాస్వరం మాత్రమే. 50 కిలోల సూపర్, 17 కిలోల యూరియా విత్తేటప్పుడు, మరో 17 కిలోల యూరియా మూడు నాలుగు వారాలకు, పదును ఉంటేనే.

అపోహ: వేరుశనగ వేళ్లు నత్రజని కూడబెడతాయి కాబట్టి దాని తర్వాత వేసే పంటకు నత్రజని అక్కర్లేదు.
కట్టె మొత్తం పశువుల మేతకు ఇంటికి తోలుకున్నాక చేనులో మిగిలేది తక్కువే. కంది ఆకు రాల్చి వెళ్తుంది కాబట్టి దాని తర్వాత కొంత మేలు. యూరియా పూర్తిగా మానేస్తే కొర్ర పసుపు రంగుకు తిరుగుతుంది.

అపోహ: దుక్కిలో వేయకపోయినా, పైపాటుగా డీఏపీ చల్లితే సరిపోతుంది.
సరిపోదు. భాస్వరం మట్టిలో కదలదు, పడిన చోటే ఉంటుంది. మెట్టలో ముందుగా ఎండేది ఆ పైపొరే. విత్తనంతో కలిపి గొర్రులో (విత్తే పరికరంలో) పోయడం ఇంకా ప్రమాదం, మొలక మాడుతుంది. విత్తనానికి ఐదు సెంటీమీటర్ల పక్కగా, కిందగా పడాలి.

డీఏపీలో జింక్ సల్ఫేట్ కలిపి వేయకండి, రెండూ దండగే.

ఎరువు వేశాక వాన ముఖం చాటేస్తే గుండె గుభేల్‌మనడం సహజం. కానీ భాస్వరం, పొటాష్ ఎక్కడికీ పోవు. వేరుశనగ ఎండిపోయి ఆ చేనులో ఉలవ చల్లుతున్నారా, మళ్లీ బస్తా కొనక్కర్లేదు. పోయేది యూరియానే, అందుకే దాన్ని విడతలుగా వేయమనేది. మట్టిలో కలపకుండా నేల పైన చల్లి వదిలేస్తే కొంత భాగం గాలిలో కలుస్తుంది. బెట్ట తర్వాత వాన పడితే లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి పిచికారీ చేయండి, పంట తేరుకుంటుంది.

మట్టి పరీక్ష వేసవిలో, పంట తీశాక చేయించాలి. గట్టు పక్క, చెట్టు కింద, పెంటకుప్ప వేసిన చోటు వదిలి ఎనిమిది పది చోట్ల ఆంగ్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంత తీసి, అంచు మట్టి గీకి, అంతా కలిపి అర కిలో తీసుకోండి. లభ్య భాస్వరం ఎకరాకు 24 కిలోలు దాటితే సిఫారసులో 30 శాతం తగ్గించండి, అంటే వేరుశనగకు 70 కిలోల సూపర్ చాలు. 10 కిలోల లోపు ఉంటే 30 శాతం పెంచండి. మట్టి సంచిలో పెట్టే చీటీ మీద పోయిన పంట పేరు, దానికి వేసిన ఎరువు కూడా రాయండి.