ఇంజిన్ ఆగితే వెనక్కి తిప్పొద్దు: అపోహలు - వాస్తవాలు

నేను విమానం నడపడం నేర్పుతాను. పోయిన వారం కూడా ఒక తండ్రి అడిగారు: "సార్, ఇంజిన్ ఆగితే విమానం రాయిలా పడిపోతుందట కదా! మావాణ్ని మీ దగ్గరికి నేర్చుకోడానికి పంపాలంటే గుండె దడగా ఉంది." కన్నవాళ్లకు ఆ భయం ఉంటుంది. కానీ పడిపోదండీ. మేం శిక్షణకు వాడే చిన్న విమానం సెస్నా 172 ముక్కు దించి 65 నాట్ల (గంటకు దాదాపు 120 కిలోమీటర్ల) వేగం పట్టుకుంటే, ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ రెండున్నర కిలోమీటర్లకు పైనే జారుతూ వెళ్తుంది.

ప్రాణాలు తీసే అపోహ వేరే ఉంది. "టేకాఫ్‌లో ఇంజిన్ ఆగితే ఏముంది, రన్‌వే వెనకాలే ఉందిగా, తిప్పేసి దిగొచ్చు." ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు ఈ మాట అంటారు, ఏదో వీడియోలో చూశామంటారు. 180 డిగ్రీలు తిరిగితే సరిపోదు. తిరిగేసరికి రన్‌వే పక్కకు పోయి ఉంటుంది, ఇంకా తిరిగి మళ్లీ సర్దుకోవాలి. స్టాల్ వేగం అంటే, అంతకన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం. మామూలుగా 48 నాట్లుండే అది, 45 డిగ్రీలు పక్కకు ఒరిగి తిరిగేటప్పుడు 57 అవుతుంది. నేల దగ్గరవుతుంటే చెయ్యి తెలియకుండానే యోక్‌ని (విమానం స్టీరింగ్‌ని) వెనక్కి లాగేస్తుంది, వేగం ఇంకా తగ్గుతుంది. రెక్క ఒరిగి స్పిన్‌లో పడితే, అంటే గిరగిరా తిరుగుతూ కిందికి పడిపోతే, ఆ ఎత్తులో కోలుకోవడం ఉండదు.

నమ్మనివాళ్లను 4,000 అడుగులకు తీసుకెళ్లి థ్రాటిల్ మూసి ఇంజిన్ శక్తి తగ్గించేస్తాను. నాలుగు అంకెలు లెక్కపెట్టాక తిరగమంటాను. నిజంగా ఆగినప్పుడు తేరుకోవడానికి ఆ మాత్రం పడుతుంది. ఎత్తు చూపే ఆల్టిమీటర్ మీద వేలు పెట్టి చూపిస్తాను. ఐదారు వందల అడుగులు పోయాక కూడా చాలామంది ఇంకా తిరుగుతూనే ఉంటారు. ఆ తర్వాత వాదన ఉండదు.

నాకు ఒకసారి టేకాఫ్ అయ్యాక 350 అడుగుల్లో ఇంజిన్ ఆగింది. పక్కన కొత్త కుర్రాడు. వాడి మెడ రన్‌వే వైపు తిరుగుతోంది. "ముందు చూడు నాన్నా" అంటూ ముక్కు దించాను. ఎదురుగా పత్తి చేను, ఎడమన కరెంటు స్తంభాలు. పైనుంచి తీగలు కనపడవు, స్తంభాలే చూసుకోవాలి. సాళ్ల వెంబడి దించాను. ముక్కు చక్రం విరిగింది, ప్రొపెల్లర్ వంగింది, ఇద్దరం తలుపు తీసుకుని దిగాం. పంట పోయిందని రైతు అరుస్తాడనుకున్నా. చెంబుతో నీళ్లు తెచ్చి ముందు కుర్రాడికిచ్చాడు.

మిగతావి రెండు ముక్కల్లో. బ్యాటరీ చచ్చినంత మాత్రాన ఇంజిన్ ఆగదు, స్పార్క్ పుట్టించే మాగ్నెటోలు బ్యాటరీతో పనిలేకుండా నడుస్తాయి. నీళ్లు నిండిన మాగాణి మెత్తగా ఉంటుందని దిగితే చక్రం దిగబడి విమానం తిరగబడొచ్చు.

ఆ రోజు కార్బ్యురేటర్‌లో దొరికింది నీళ్లు. విమాన పెట్రోలు ఏవ్‌గ్యాస్ నీలంగా ఉంటుంది. దాన్ని ట్యాంకు నుంచి కొంచెం కప్పులోకి వదిలి, అడుగున పూసలా నీటి బొట్టు ఉందేమో అని చూస్తారు. కప్పు నిండా నీళ్లే వస్తే ఏ బొట్టూ కనపడదు, తేటగా బాగుందనిపిస్తుంది. నీలం రంగు ఉందో లేదో చూడండి, వాసన కూడా చూడండి.