లాకు తలుపులూ బొమ్మల పుస్తకాలూ

చిన్నోడికీ అమ్మలుకీ అమ్మమ్మ ఆశీస్సులు.

ఉభయకుశలోపరి. ఆ మాటేమిటని ఫోన్ చేసి అడక్కండి. మేం బాగున్నాం, మీరూ బాగున్నారనుకుంటున్నాం, ఇక విషయంలోకి వద్దాం అని అర్థం. విషయం ఏమిటంటే, మొన్న దసరా సెలవులకి చిన్నోడు భుజాన వేసుకొచ్చిన ఆ సంచీ.

వచ్చిన రోజు నువ్వే చెప్పావు, "నేను బ్యాట్‌మ్యాన్ ఒక్కటే కలెక్ట్ చేస్తున్నా అమ్మమ్మా" అని. నువ్వు మీ తాతయ్యతో కాలవగట్టుకి వెళ్లినప్పుడు మంచం నిండా పరిచి ఉన్న పుస్తకాలు సర్దుతూ లెక్కపెట్టాను. మొత్తం 23. అందులో బ్యాట్‌మ్యాన్‌వి 6. ఒకే కథ రెండు రకాల అట్టలతో రెండుసార్లు ఉంది. జపాన్ వాళ్ల బొమ్మల కథ, అదే మాంగా, ఒకటి నాలుగో సంపుటం ఉంది, ముందు మూడూ లేవు. ప్లాస్టిక్ కవరైనా విప్పనివి 9. అన్నీ సంచీలో పెట్టి అప్పటికి ఊరుకున్నాను గానీ మనసు ఊరుకోలేదు. ఫోన్లో చెబితే "సరే అమ్మమ్మా" అని పెట్టేస్తావు. ఉత్తరంతో ఆ పప్పులు ఉడకవు.

తిట్టడానికి కాదురా. ఈ విద్యలో నీకంటే నేను రెండాకులు ఎక్కువే చదివాను.

1979లో నాకు పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చింది. మా నాన్న, అంటే మీ ముత్తాత, కాలవ మీద లస్కరు, పడవల కోసం లాకు తలుపులు తీసి మూసే పని. లాకుల దగ్గరే మా ఇల్లు. ఆయన జీతం తిండికీ గుడ్డకీ సరిపోయేది, అంతే. చిన్నప్పుడు ఒక్క బొమ్మల పుస్తకం కూడా కొనుక్కోలేని పిల్లకి సొంత జీతం చేతికొస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నెలకోసారి రాజమండ్రి వెళ్లేదాన్ని. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటే అక్కడే చతికిలబడేదాన్ని. అమర్ చిత్ర కథలు, ఇంద్రజాల్ కామిక్స్, టింకిల్, అట్ట ఊడినవి, అట్ట మాత్రమే మిగిలినవి, ఏది కనబడితే అది. గంపగుత్తగా ఇస్తానంటే ఇక నన్ను ఆపేవాళ్లు లేరు. కట్టలో పది ఉంటే నాకు కావలసినవి రెండు, మిగతా ఎనిమిదీ "చవగ్గా వచ్చాయిగా" అని. సంచీ బరువుకి భుజం లాగేస్తుంటే అది కూడా సంతోషంగానే ఉండేది.

అలా 17 ఏళ్లలో మూడు ట్రంకు పెట్టెలు నిండాయి.

1996 నవంబరు 6న తుపాను వచ్చింది. మీ అమ్మ అప్పుడు చిన్నపిల్ల. కోనసీమలో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడిపోయిన రాత్రి అది. మా ఇంటి పెంకులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి, వాన నేరుగా గదిలోకి కొడుతోంది. మనుషులం పక్కింటి డాబాలోకి చేరాక మీ తాతయ్య వెనక్కి వెళ్లి, గుమ్మంలోంచి అరిచారు, "ఒక్క పెట్టె మొయ్యగలను, ఏది?" అని.

నాకు చెప్పడం రాలేదు పిల్లలూ. ఏ పెట్టెలో ఏముందో నాకే తెలియదు. అన్నిట్లోనూ అన్నీ కలగాపులగం. చివరికి ఆయన గుమ్మానికి దగ్గరగా ఉన్నది ఎత్తుకొచ్చారు. తెల్లారి విప్పి చూస్తే అందులో సగానికి పైగా నేను ఒక్కసారి తిరగేసి మళ్లీ ముట్టనివి. ప్రాణంగా చూసుకున్న కృష్ణుడి పుస్తకం తడిసిన పెట్టెలో ఉండిపోయి, పక్కదానితో అతుక్కుని ముద్దయింది. మెల్లగా విడదీస్తే కృష్ణుడి నీలం రంగంతా పక్క పుస్తకం అట్టకి అంటుకుంది. ఊళ్లో వాళ్లు ఇళ్లూ తోటలూ పోగొట్టుకుని కూర్చుంటే నేను బొమ్మల పుస్తకాలకి ఏడవడం ఏం బాగుంటుందని దొడ్లోకి వెళ్లి ఏడ్చాను.

నెల పోయాక ఒక కాగితం తీసుకుని, పోయినవాటిలో మళ్లీ కావాలనిపించేవి రాశాను. గుర్తున్నంతవరకే. వందల పుస్తకాల్లో 31 గుర్తొచ్చాయి. తీరా చూస్తే వాటిలో చాలావాటికి బొమ్మలు వేసింది ఒకాయనే, రామ్ వాయిర్కర్. అమర్ చిత్ర కథలో కృష్ణుణ్ణి గీసిన చెయ్యే టింకిల్‌లో మీరు పడీపడీ నవ్వే సుప్పాండినీ గీసింది. ఇన్నేళ్లూ కొంటూనే ఉన్నాను గానీ నాకేది ఇష్టమో అవి పోతే గానీ తెలిసిరాలేదు.

అప్పటినుంచి ఆయన గీసినవే చూస్తున్నాను. అమర్ చిత్ర కథలు 400కు పైగా ఉన్నాయి. అన్నీ కావాలనుకున్నన్నాళ్లూ ఏదీ పూర్తి కాలేదు. ఆయన చేతివే అనుకున్నాక ఫుట్‌పాత్ దగ్గర నా ప్రవర్తనే మారిపోయింది. ఇదివరకు కట్ట కనబడగానే చెయ్యి ముందు పోయేది. ఇప్పుడు కన్ను పోతుంది, చెయ్యి వెనకాల వస్తుంది, చాలాసార్లు రానే రాదు.

చిన్నోడా, బ్యాట్‌మ్యాన్ అనేస్తే సరిపోదు. వాడు 1939 నుంచి వస్తున్నాడు, అదొక సముద్రం. ధవళేశ్వరం దాటాక మన గోదావరే పాయలైపోయింది కదా, అందులో నీ పాయ ఏదో చూసుకో. నీకు ఆ జోకర్ కథలే ఇష్టమైతే అవే పట్టుకో. ఒకే బొమ్మలాయనవి ఇష్టమైతే ఆయన పేరు పట్టుకో. మాంగా మీద మనసుంటే అది కూడా తప్పేం కాదు, కాకపోతే మొదటి సంపుటం నుంచి మొదలుపెట్టు, ఎంత పొడుగుందో ముందే చూసుకో. మీ అమ్మ చెప్పింది, ఒకదాని పేరేమో వన్ పీస్ అట, సంపుటాలేమో వంద దాటాయట!

ఆ తర్వాత కాగితం. ఉన్నవీ లేనివీ రాసుకున్న కాగితం జేబులో లేకుండా పుస్తకాల కొట్టు గుమ్మం తొక్కొద్దు. ఇది కూడా దెబ్బ తినే నేర్చుకున్నాను. అమర్ చిత్ర కథ 1967లో మొదలైనప్పుడు కృష్ణుడి పుస్తకానికి నంబరు 11. మొదటి పదీ పాశ్చాత్య దేశాల కథలు. తర్వాత కొత్తగా అచ్చు వేసినప్పుడు నంబర్లు మార్చారు, అదే కృష్ణుడు 501 అయ్యాడు. ఆ సంగతి తెలియక, అట్ట మీద నంబరు చూసి కొత్తదనుకుని, ఇంట్లో ఉన్న కథలే ఒకేరోజు నాలుగు కొనుక్కొచ్చాను. మీ తాతయ్య ఏమీ అనలేదు, నాలుగిటినీ ఉన్నవాటి పక్కన వరసగా పేర్చి పెట్టి వెళ్లిపోయారు. ఇంద్రజాల్ కామిక్స్‌లో ఇంకో తమాషా ఉంది. 1964 నుంచి 1990 దాకా 803 సంచికలు వచ్చాయి గానీ, సమ్మె వల్ల 123, 124 నంబర్లు అసలు అచ్చే కాలేదు. ఈ సంగతి తెలియనివాడు ఆ రెండు ఖాళీల కోసం జీవితాంతం తిరుగుతాడు.

ఇక కాగితంలో లేనిది కనబడి, అబ్బ, భలే ఉందే అనిపించినప్పుడు? అసలు కష్టం అక్కడే.

మీరు ధవళేశ్వరం వెళ్లినప్పుడు లాకులు చూశారు గానీ అవి పనిచేస్తుండగా చూడలేదు. కాలవ ఒకచోట మెరకలో, ఇంకోచోట పల్లంలో ఉంటుంది. పడవ మెట్లెక్కలేదు కదా. అందుకని రెండు జతల తలుపుల మధ్య గదిలాగా కట్టారు. పడవ ఆ గదిలోకి రాగానే మా నాన్న వెనక తలుపు మూసేవారు. తర్వాత ముందు తలుపు అడుగునున్న తూము ఎత్తి పైకాలవ నీళ్లు కొద్దికొద్దిగా వదిలేవారు. గదిలో నీళ్లు పెరిగి, పడవ కూడా పెరిగి, పైకాలవతో సమానమయ్యాకే ముందు తలుపు తెరుచుకునేది. సమానం కాకముందు పదిమంది తోసినా కదలదు, అవతలి నీళ్ల బరువే దాన్ని బిగించి పట్టుకుంటుంది. పడవవాళ్లకి ఎప్పుడూ తొందరే. సంతకి ఆలస్యమైపోతోందని కేకలు వేసేవాళ్లు. మా నాన్న చుట్ట కాలుస్తూ నీళ్లు చూసేవారు. రెండు తలుపులూ ఒక్కసారే తీస్తే ఏమవుతుందని అడిగాను ఒకసారి. "పడవ కిందికొస్తాది, మనిషి రాడు" అన్నారు.

కొనడంలోనూ రెండు తలుపులున్నాయి. కావాలనిపించడం ఒకటి, డబ్బు తియ్యడం ఇంకోటి. నేను చేసేది ఇదే. లిస్టులో లేనిది నచ్చితే పుస్తకం పేరు, ధర, తారీఖు కాగితం వెనకవైపు రాసుకుని ఇంటికొచ్చేస్తాను. మళ్లీ ఒకటో తారీఖు వచ్చేదాకా అది గదిలో పడవలా ఉంటుంది. నెల తర్వాత చదువుకుంటే కొన్నిటికి "ఇదెందుకు రాశానబ్బా" అనిపిస్తుంది. కొన్ని అప్పటికీ పీకుతుంటాయి, అవి కొంటాను. కొనడం మానెయ్యమని నేను చెప్పడం లేదు, చెబితే నా మాట నేనే వినను.

పోస్టాఫీసులో కూర్చుని ఈ వింత రోజూ చూసేదాన్ని. అప్పట్లో వారపత్రికల్లో ప్రకటన చూసి ఒక కార్డు ముక్క రాసి పడేస్తే వస్తువు వి.పి.పి.లో వచ్చేది, డబ్బు కట్టి విడిపించుకోవాలి. కార్డు రాసినరోజు ఉన్న వేడి పార్సిల్ వచ్చేనాటికి ఉండేది కాదు. పోస్ట్‌మ్యాన్‌ని చూసి, ఇంట్లోంచే, "నేను ఊళ్లో లేనని చెప్పు" అని అరిచిన పెద్దమనుషులున్నారు. పార్సిల్ వెనక్కి వెళ్లిపోయేది. ఆ రెండు మూడు వారాల ఆలస్యమే ఎంతమంది డబ్బు కాపాడిందో లెక్కలేదు. మీ ఫోన్లో అది లేదు. "2 కాపీలే మిగిలాయి" అని ఎర్రక్షరాలు, పక్కనే మీ నాన్న కార్డు నంబరు తయారుగా. లాకుకి రెండు తలుపులూ ముందే ఎవరో ఊడబీకి పెట్టారు. ఆ కార్డు నంబరు తీసేయమని మీ నాన్నకి చెప్పాను. కోపం నా మీద పెట్టుకో, ఆయన మీద కాదు.

ముందు ముందు రేటు పెరుగుతుందని కూడా అన్నావు. ఆ ఒకే కథ రెండట్టలవి అందుకే కొన్నావని నాకు అర్థమైంది. 1938లో సూపర్‌మ్యాన్ మొదటిసారి కనబడ్డ పుస్తకం అమెరికాలో 10 సెంట్లు. పిల్లలు చదివి చించేశారు, యుద్ధం రోజుల్లో పాత కాగితాల కింద ఎన్నో పోయాయి. మిగిలినవి బహుకొద్ది కాబట్టే ఇప్పుడు అంత ధర. 1991లో ఎక్స్-మెన్ అనే బొమ్మల పుస్తకాల కొత్త వరసలో మొదటి నంబరు అయిదు రకాల అట్టలతో వేస్తే 80 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. కొన్నవాళ్లలో చాలామంది ధర పెరుగుతుందనే దాచారు. అందరి అటక మీదా ఉన్నదాన్ని ఎవరు వెతుక్కుంటూ వస్తారు? ఇప్పటికీ చవగ్గానే దొరుకుతోంది.

పైగా మన గాలి. మీ అపార్ట్‌మెంటు సంగతి నాకు తెలియదు గానీ ఇక్కడ వానాకాలంలో గోడకి చెయ్యానిస్తే తడి తగులుతుంది. కుట్టిన పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. వెండిరంగు పురుగులు సర్రున జారిపోతూ అట్ట గీకుతాయి. వానలు వెళ్లాక ఒక్కొక్కటీ తీసి నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే రంగు పోతుంది. ఎండిన వేపాకు మార్చాలి, కలరా ఉండలు గుడ్డలో మూటగట్టి కాగితానికి తగలకుండా పెట్టాలి. నాకున్న ఒక్క పెట్టెకే రెండు రోజులు పడుతుంది. మూడు పెట్టెలున్నప్పుడు ఏ సంవత్సరమూ చెయ్యలేదు.

అమ్మలూ, అన్నయ్యకి అక్షింతలు పడుతున్నాయని నవ్వుకోకు. వాడు కొన్నదల్లా నీకూ కావాలనడం నేను చూశాను. నీకైతే ఒకటి చెబుతాను, ఏ కొట్టూ నీకు తోసేసి అమ్మలేనిది. మన పిఠాపురం వైపు దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి, బుజ్జాయి అని సంతకం చేసేవారు. 1960లలో ఇలస్ట్రేటెడ్ వీక్లీ అనే ఇంగ్లీషు వారపత్రికలో పంచతంత్రాన్ని బొమ్మల కథగా వేశారు. తెలుగు పిల్లలకి డుంబు అనే బుడ్డోణ్ణి కూడా ఇచ్చారు. నరసాపురంలో పుట్టిన బాపు గారి కార్టూన్లయితే చెప్పక్కర్లేదు. ఇలాంటివి ఎన్నో పాత వారపత్రికల పేజీల్లోనే ఉండిపోయాయి. పాత పేపర్ల కొట్టులో, ఎవరో ఒకరి అటక మీద దుమ్ములో వెతుక్కోవాలి. దొరకడమే కష్టం కాబట్టి తొందరపడి కొనే ప్రమాదం కూడా లేదు. సంక్రాంతికి వస్తే మా అటక మీద మొదలుపెడదాం, తుమ్ములకి సిద్ధపడి రా.

చిన్నోడా, చదవని ఆ తొమ్మిదీ ముందు చదివెయ్యి. నచ్చనివి మీ స్నేహితులతో మార్చుకో. ఆ నాలుగో సంపుటం ఎవడికి కావాలో వాడికి ఇచ్చేయి.

నా కాగితం మీద ఇంకా 4 మిగిలాయి. పేర్లు ఈ ఉత్తరం వెనక రాశాను. మీ ఊళ్లో పాత పుస్తకాల దగ్గర ఎక్కడైనా కనబడితే కొనకు. ధర కనుక్కుని నాకు ఉత్తరం రాయి. అది నాకు చేరి, నా జవాబు నీకు చేరేసరికి ఎలాగూ పదిరోజులు పడుతుంది. అప్పటికీ కావాలంటే డబ్బు పంపుతాను. ఫోటో మాత్రం తీసి పంపకు. ఫోటో చూస్తే నేను ఆగలేను.

ఇట్లు
మీ అమ్మమ్మ